మామ మూయనియ్యని గాలి దారులు

మా మామ పోయిండు. మొన్న మంగళవారం పొద్దుగాల. కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే తోవల, అడవి మొదలయ్యే కాడ మా కాలనీ. అక్కడ ఆయన్ని ఎరుగనోళ్లు లేరు గనుక జనం బాగనే వచ్చిండ్రు. వచ్చినోళ్లందరిది ఒక్కటే మాట: "పోనీలే బిడ్డా, బాధ తప్పింది." ఎవరి బాధ తప్పిందో నాకైతే తెలువది. పాస్టరయ్య మట్టి కాడ మంచిగనే మాట్లాడిండు గానీ, ఆ మాటలు ఎవరి మట్టి కాడ చెప్పినా సరిపోతయ్. మా మామకు మాత్రమే సరిపోయే మాట ఎవరన్నా అంటరేమో అని నిలవడి విన్న. ఎవ్వరు అనలే. అందుకే నేను రాస్తున్న.

నేను ఆయన కోడల్ని. నాది తల్లాడ దిక్కు. మామ బొగ్గు బాయిల పని చేసిండు. బాయి అంటే మా దగ్గర గని. అందరు బొగ్గు తవ్వుతరు గానీ మామది గాలి పని. అంత లోతున పని చేసేటోళ్లకు మంచి గాలి అందాలె గద. అది ఎటు నుంచి రావాలె, ఎటు నుంచి పోవాలె, ఎక్కడ తలుపు పెట్టాలె, ఎక్కడ తెర కట్టాలె, అదంత చూసుకునే పని. మంచి గాలి లోపలికొచ్చే దారిని ఇన్‌టేక్ అంటరు, చెడ్డగాలి బయటికి పోయే దారిని రిటర్న్ అంటరు. ఈ రెండు మాటలు మా ఇంట్ల ఉప్పు, చింతపండు లెక్క రోజు వినపడేటివి.

నన్ను చూసుకోను వచ్చిన రోజు, పిల్లకు వంట వస్తదా అని ఆయన అడగలే. వంటింట్లకు తొంగి చూసి, "వదినా, ఈ పొయ్యి పొగ ఎక్కడికెళ్లి పోతది?" అని మా అమ్మను అడిగిండు. మా అమ్మ బిత్తరపోయింది. ఏం మనిషి ఈయన అని మా నాయిన తర్వాత చాన రోజులు నవ్విండు. పెండ్లయి వచ్చినంక తెలిసింది, మామ ఎక్కడికి పోయినా అంతే. చర్చిలకు పోతే దేవునికి దండం పెట్టుకునే ముందు కిటికీలు చూస్తడు. "ఇక్కడ గాలి చస్తది, లేవుండ్రి" అని మా అందర్ని వరుస మార్పిస్తడు. ఫంక్షన్ హాల్లో పెండ్లికొడుకు తండ్రిని పట్టుకొని వెనక తలుపు తీపిస్తడు. చలికాలంల గూడ మా ఇంట్ల కిటికీ మూసేది లేదు. దోమలు మమ్మల్ని పీక్కతింటుంటే అత్త తిడుతనే ఉంటది, ఆయన కిటికీ కింద గుర్రుపెడుతనే ఉంటడు.

పోయిన ఎండకాలం నుంచి మామ తిండి తగ్గింది. ఊపిరితిత్తులు అప్పటికే చెడిపోయినయ్. పీల్చే మందుల వల్లనో ఏమో, నాలుకకు రుచి పోయింది. పప్పు పెట్టినా, చేపల పులుసు పెట్టినా, "సుద్ద తిన్నట్టే ఉంది బిడ్డా" అని పళ్లెం జరిపేటోడు. మనిషి కండ్ల ముందరనే కరిగిపోతున్నడు. ఖమ్మం దవాఖానల డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "ఊపిరి సంగతి నేను చూస్త, తిండి సంగతి నువ్వు చూడమ్మా. తినకపోతే నా మందు గూడ పని చెయ్యది" అన్నడు. ఇగ అది నా పని అయింది. మామ తినాలె. ఏం చేసైనా తినాలె.

"నీకు ఏం తినబుద్ధయితది మామా? పిట్ట మాంసం అడుగు, ఏదన్నా అడుగు, తెస్త" అన్న.

పొగబెట్టిన కూర అన్నడు. బాయిల ఆయనతోటి పని చేసిన దోస్తు ఒకాయన కోయగూడెం నుంచి వచ్చేటోడట. పొయ్యి మీద వేలాడగట్టి, పొగకు ఆరిన మాంసం డబ్బాల తెచ్చేటోడట. "మూత తీస్తే వాసన బాయిల మేం కూచున్న సందు మొత్తం పోయేది బిడ్డా. అది తింటే నా నాలుక లేస్తది" అన్నడు. పొగ ఆయన ఊపిరికి విషం. ఆయనకేమో పొగ కూరనే కావాలె. దేవుడా, ఏం మెలిక పెట్టినవ్ అనుకున్న.

మా ఆయన ఫోన్‌ల వెతికి చూపించిండు. పెద్ద ఇనుప డ్రమ్ముల అడుగున బొగ్గులు, పైన జాలి, జాలి మీద మాంసం, ఆ పైన మూత. అడుగున గాలికి చిన్న చిన్న రంధ్రాలు. సన్న సెగ మీద, పొగల, పొద్దుగాల పెడితే మధ్యాహ్నం దాటే దాక మెల్లగ ఉడుకుతది. మంట లేవొద్దు. అంతా ఆ రంధ్రాల మీదనే ఉంటది. మామ ఆ ఫోన్‌ను కండ్లకు దగ్గర పెట్టుకొని, ఆపి ఆపి చూసిండు. ఎన్నో నెలల తర్వాత ఆయన మొఖంల జీవం చూసిన. "ఇది నా పనే గద" అన్నడు.

మా ఆయన అశ్వారావుపేట పోయి పామాయిల్ డ్రమ్ము తెచ్చిండు. నేను ఒక్కటే షరతు పెట్టిన. మామ వరండాల, గాలికి ఎదురుగ కుర్చీల కూచోవాలె, డ్రమ్ము కాడికి రావొద్దు. ఆయన చెప్తడు, నేను చేస్త. వంకాయలు తరిగే చేతితోటి డ్రిల్లు మిషన్ పట్టిన.

ఫోన్‌ల చూపించిన రంధ్రాలు బొటనవేలు పట్టేటంత. మామ నవ్విండు. "ఇది గాలి దారా? చీమకు గూడ ఊపిరాడది" అని పిడికిలి పట్టేటంత గీయించిండు, నాలుగు దిక్కుల నాలుగు. మూతకు నడిమిట్ల పెద్దది ఇంకోటి, "వచ్చినదానికి పోయే దారి ఉండాలె" అని. వెల్డింగ్ ఆయన తన లెక్క ప్రకారం మూడింటికి పైపు ముక్కలు, మర మూతలు పెట్టి, నాలుగోదానికి వాల్వ్ బిగించిండు. మామ ఆ మూతలన్ని తీపించి ఒక డబ్బాల ఏపిచ్చిండు, వాల్వ్ గూడ మొత్తం తెరిపిచ్చిండు. బాయిల తెర కట్టినట్టు డ్రమ్ము లోపల రేకు ముక్క గూడ నిలవెట్టించిండు, గాలి మూలమూలకు తిరగాలెనంట.

మొదటిసారి కోడిని పెట్టినం. బొగ్గులు అంటుకున్నయో లేదో, నాలుగు దిక్కుల గాలి దూరి, డ్రమ్ము లారీ లెక్క మోత పెట్టింది. మూత సందులకెళ్లి మంట. నీళ్లు కొట్టి ఆర్పి చూస్తే జాలి మీద నల్లటి ముద్ద ఉంది. అత్త దాన్ని కర్రతోటి పొడిచి చూసి, "బతుకంత బొగ్గులనే ఉన్నవ్, చాలలేదా? ఇప్పుడు కోడిని గూడ బొగ్గు చేసినవ్" అన్నది. మామ గూడ నవ్విండు. ఆ రోజు గూడ ఏం తినలే.

రెండోసారి అంతే. ఆ తర్వాత గూడ అంతే. నేను మెల్లగ ఒక మూత తీసి రంధ్రానికి బిగించబోతే వరండాలకెళ్లి కేక. "బిడ్డా, మూత ఎందుకు పెడుతున్నవ్? తియ్యి!" కేక వెయ్యను ఊపిరి లేనప్పుడు చెయ్యి లేపి సైగ చేసేటోడు, అరచెయ్యి పైకి పెట్టి బయటికి తిప్పి. తెరువు అని. నాకు ఒళ్లు మండిపోయేది. బాయిల గాలి ఎంతుంటే అంత మేలు కావచ్చు. డ్రమ్ముల ఎంత తక్కువ ఉంటే అంత మేలు. ఇది ఆయనకు తెలువక కాదు. అడిగితే మంచిగ చెప్తడు, మంట ఎందుకు లేస్తుందో, ఎంత గాలి తగ్గిస్తే ఆగుతదో. మూసే కాడికి వచ్చేసరికి ఆయన మనసు ఒప్పది.

ఒకనాడు బియ్యంల రాళ్లు ఏరుకుంట అత్త చెప్పింది. పొగ కూర తెచ్చేటి ఆ దోస్తు, బాయిల పని ఇడిచిన ఒక పాత సందుల, తలుపు ఎనక కూచున్నడట, కాళ్లు నొస్తున్నయని. అక్కడ చెడ్డగాలి నిలిచి ఉంది. దానికి వాసన ఉండది, రంగు ఉండది. మామ పోయి చూసేసరికి నిద్రపోయినట్టే ఉన్నడట, ఊపిరి లేదు. మామనే భుజం మీద ఏసుకొని మోసుకొచ్చిండు. "అప్పటిసంది నేను తలుపేసుకొని పండుకున్నది లేదు బిడ్డా. కొత్త పెండ్లికూతుర్ని, ఎంత సిగ్గయ్యేదో" అన్నది అత్త. నవ్వుకుంటనే చెప్పింది గానీ చేట పక్కకు పెట్టి కండ్లు తుడుచుకుంది.

నేను దాచి చేసే మనిషిని కాదు. మల్ల కోడిని పెట్టిన రోజు నేరుగ మామ కుర్చీ ముంగటికి పోయి నిలవడ్డ. "మామా, ఇది బాయి కాదు. లోపల మనిషి లేడు. కోడి ఉంది. అది ఎప్పుడో సచ్చింది."

కోపం చేస్తడనుకున్న. నవ్వు మొదలువెట్టి, దగ్గొచ్చే దాక నవ్వి, "అవ్ గద" అన్నడు. దగ్గు ఆగినంక కుర్చీని తనే కష్టపడి రోడ్డు దిక్కు తిప్పుకున్నడు. "నువ్వు మూసుకో బిడ్డా. నేను చూడ."

మూడు మూతలు బిగించిన. వాల్వ్‌ను గోధుమ గింజంత సందు ఉంచి తిప్పిన. లోపలి రేకు పీకి పారేసిన. బొగ్గుల మీద జామ కట్టె ముక్కలు ఏసిన. మోత ఆగిపోయి, మూత మీది రంధ్రంలకెళ్లి సన్నటి నీలం పొగ లేసింది. మామ ఒక్కసారి గూడ ఎనక్కి తిరగలే, రోడ్డు మీద పోయే బస్సులు చూసుకుంట కూచున్నడు. పొద్దు తిరిగినంక తీస్తే కోడి ఎర్రగ, ముట్టుకుంటే ఎముక ఊడివచ్చేటట్టు ఉంది. వాసనకు పక్కింటోళ్లు గోడ మీదికెళ్లి చూసిండ్రు. నాకు ఎంత సంబురమయిందో ఇప్పుడు చెప్తే ఎవరు నమ్మరు. కోడి అనుకోలే నేను. మామ తింటడు, బతుకుతడు అనుకున్న.

మెత్తటి ముక్క ఏరి పళ్లెంల పెట్టి ఇచ్చిన. నోట్ల పెట్టుకున్నడు. కండ్లు మూసుకున్నడు. "వచ్చింది బిడ్డా, రుచి వచ్చింది" అన్నడు. మల్ల నమలవోయిండు. నమిలితే ఊపిరి అందదు, ఊపిరి తీస్తే నమలరాదు. నాలుగుసార్లు దవడ ఆడించి, నోరు తెరిచి గాలి కోసం ఎగపోసిండు. ఆ ముక్కను చేతిలకు తీసుకొని, పళ్లెం అంచుకు పెట్టి, "మీరు తినుండ్రి, నేను చూస్త" అన్నడు. మేం తిన్నం. అంత మంచి కూర నేను మల్ల వండలే. అది ఎట్ల మింగిన్నో నాకే తెలుసు.

ఇగ ఆ తర్వాత ఆయన మంచం దిగింది తక్కువ. ఖమ్మం తీస్కపోతే, ఇంట్ల ఆక్సిజన్ మిషన్ పెట్టుకోమన్నడు డాక్టరు. పెట్టుకోమంటనే నాకు చెప్పిండు, "నిమిషానికి రెండు లీటర్లు దాటనియ్యొద్దు అమ్మా. ఎక్కువ పెడితే మేలనుకుంటరు. ఈయనకు లోపలి చెడ్డగాలి బయటికి పోతలేదు. పెంచితే అది ఇంకా నిలబడుతది, మత్తుల పడిపోతడు." మామ వెంటనే అర్థం చేసుకున్నడు. కారులో తిరిగి వస్తుంటే నా చెయ్యి పట్టుకొని, "ఇన్‌టేక్ మంచిగనే ఉంది బిడ్డా. రిటర్న్ పోయింది" అన్నడు. ఎవరో ఇంకొకరి ఇంటి సంగతి చెప్పినట్టే చెప్పిండు.

ఆ మిషన్‌కు గాలి ఎక్కువ తక్కువ చేసే చిన్న మర ఉంటది. దాన్ని తిప్పే పని మల్ల నాదే అయింది. ఊపిరి అందక ఎగపోసినప్పుడల్లా మామ చెయ్యి లేపేటోడు. అరచెయ్యి పైకి, బయటికి తిప్పి. తెరువు. డాక్టరు చెప్పింది ఆయనకు గుర్తుంది, అయినా చెయ్యి లేచేది. "రెండు దాటొద్దు మామా" అని నేను ఆయన వీపు రాసేదాన్ని. ఆ మాట ఎన్నిసార్లు అన్ననో. డ్రమ్ము కాడ మూత బిగించినందుకు నన్ను తిట్టిన మనిషి, ఇక్కడ ఒక్క మాట గూడ అనలే. చెయ్యి దించుకొని గోడ దిక్కు తిరిగేటోడు. అట్ల తిరిగినప్పుడల్లా నాకు సచ్చిపోదామనిపించేది.

మంగళవారం పొద్దుగాల కిటికీలకెళ్లి వెలుగు వస్తుంటే ఆయన పక్కన కూచున్న. రాత్రంత చానా ఎగపోసిండు. నాకు ఇగ తట్టుకోరాలే. డాక్టరు లేడు, దవాఖాన లేదు, ఏమైతే అయింది అనుకొని మర మీద చెయ్యి పెట్టి, "తెరవనా మామా?" అన్న.

మామ చెయ్యి లేపిండు. అరచెయ్యి కిందికి పెట్టి, లోపలికి తిప్పిండు. మూసెయ్యి అని. ఆ సైగ ఆయన చెయ్యంగ నేను ఎన్నడు చూడలే. మల్లొకసారి చేసిండు, నేను అర్థం చేసుకోలేదేమో అని.

నేను మూయలే, తెరువలే. మర మీది చెయ్యి తీసి ఆయన చెయ్యి పట్టుకున్న. కొంచెంసేపటికి ఆ చెయ్యి నా చేతిల బరువైంది.

అత్త వచ్చి చూసింది. ఏడవలే. ఆయన ముక్కుకున్న పైపు మెల్లగ తీసి దిండు మీద పెట్టి, "ఇగ అది బంద్ చెయ్యి బిడ్డా" అన్నది. నాకు చెయ్యి రాలే. మల్ల చెప్పింది. అయినా రాలే. కాలనీ జనం వచ్చి ఇల్లు నిండే దాక ఆ మిషన్ నడుస్తనే ఉంది. దిండు గలీబు అంచున ఊడిన దారప్పోగు ఒకటి, పైపులకెళ్లి వచ్చే గాలికి లేస్తుంది, పడుతుంది, మల్ల లేస్తుంది.