పెద్దకొడుకు పేరు పైన చుక్కల గీత

2022 జూన్. సిడ్నీలో చలి ముదిరే రోజులు. క్వేకర్స్ హిల్‌లో మా గరాజ్‌కి అడ్డగోడ కట్టించి సగం ఆఫీసు చేసుకున్నాను. మిగతా సగంలో బియ్యం బస్తాలు, మా ఆయన తొక్కని సైకిలు. నేను చేసేది జీనియాలజీ, అంటే జనం తాతముత్తాతల్ని పాత రికార్డుల్లో వెతికిపెట్టే పని. ముఖ్యంగా పెళ్లి రిజిస్టర్లు. పుట్టిన మనిషి నోరెత్తి చెప్పలేడు, పోయినవాడు ఎలాగూ చెప్పడు. పెళ్లి రోజున మాత్రం ఇద్దరు మనుషులు నిలబడి తమ పేరు, ఊరు, వయసు తామే చెప్పుకుంటారు. చెప్పుకుంటారు కాబట్టే అబద్ధాలు కూడా అక్కడే ఎక్కువ.

అనుమానం నాకు పుట్టింటి ఆస్తి. తెనాలిలో మాది కిరాణా కొట్టు. కందిపప్పు చూస్తే బస్తా అడుగున ఏముందో చెప్పగలను. నేను చదివిన ఎం.ఏ. ఈ దేశంలో ఎవరూ అడగలేదు కానీ, ఈ విద్య మాత్రం రోజూ అక్కరకొస్తోంది.

ఒక శనివారం పొద్దున రాజు అంకుల్ వచ్చారు. డెబ్భై దాటిన మనిషి, రిటైర్డ్ అకౌంటెంట్, స్కోఫీల్డ్స్‌లో కొత్త ఇల్లు. వాళ్లు ఫిజీ తెలుగువాళ్లు. చెరకు తోటల్లో పనికని ఒప్పందం మీద మద్రాసు రేవులో ఓడెక్కిన మనవాళ్ల మనవలు. టేబుల్ మీద ఒక పెద్ద కాగితం పరిచారు. వాళ్ల వంశవృక్షం. పైన తాత అప్పన్న, మామ్మ సూరమ్మ. కింద ఇద్దరు కొడుకులు. చిన్నకొడుకు లచ్చయ్య అంటే రాజుగారి నాన్న. ఆయన పేరు పైన తిన్నటి గీత ఉంది. పెద్దకొడుకు రామయ్య పేరు పైన మాత్రం చుక్కల గీత.

"ఈ చుక్కలేంటి అంకుల్?"

"దట్ ఈజ్ ద ప్రాబ్లం అమ్మా. సెప్టెంబర్‌లో ఫ్యామిలీ అంతా కలుస్తున్నాం, ఫిజీ నుంచి, ఆక్లండ్ నుంచి. ఇది పెద్ద బోర్డుగా ప్రింట్ అవుతుంది. నేను రికార్డ్స్ తెప్పించాను. తాత, మామ్మల పెళ్లి రామయ్య పుట్టిన మూడేళ్లకి రిజిస్టర్ అయింది. రామయ్య బర్త్ రికార్డులో తండ్రి పేరు ఖాళీ. అంటే మామ్మ ఎవరి బిడ్డతోనో వచ్చింది. నో షేమ్ ఇన్ దట్. బట్ ట్రూత్ ఈజ్ ట్రూత్."

"అన్నీ మీరే తెప్పించుకున్నారు కదా. ఇంక నా పనేంటి?"

"ఒక రిపోర్టు. మీ లెటర్‌హెడ్ మీద, మీ సంతకంతో. ఫీజెంత?"

దిగడానికి నాలుగు మెట్లు అట్టే పెట్టుకుని ఒక రేటు చెప్పాను. ఆయన "డన్" అన్నారు. ముందు నాకు బాధేసింది, ఇంకాస్త చెప్పాల్సిందే అని. అనుమానం ఆ తర్వాతే వచ్చింది. చెప్పిన రేటుకి మారు మాట్లాడకుండా తలూపినవాడు సరుకు కోసం రాలేదు, ఇంకోదానికి వచ్చాడు అనేవాడు మా నాన్న. ఈయనకి కావలసింది వెతకడం కాదు, సంతకం.

"రామయ్యగారి వైపు వాళ్లకి ఈ సంగతి తెలుసా?"

"ఆయన కూతురు వెంకటమ్మ ఉంది, ఇక్కడే క్వేకర్స్ హిల్‌లో. వెరీ ఎమోషనల్. ఆవిడతో మీరు మాట్లాడక్కర్లేదు."

ఆ మూలనున్న బస్తా విప్పొద్దు అన్నాడంటే ముందు విప్పాల్సింది అదే. మర్నాడు మధ్యాహ్నం వెంకటమ్మగారి ఇంటి బెల్లు కొట్టాను. దోమల తెర తలుపు తియ్యకుండానే ఒక పెద్దావిడ నన్ను కిందా మీదా చూసింది.

"రాజు పంపాడా?"

"లేదాంటీ. వెళ్లొద్దన్నారు."

"అయితే లోపలికి రా."

ఆవిడ తెలుగు మన విజయనగరం వైపు తెలుగు, కానీ వందేళ్ల కిందట ఓడెక్కిన రోజు దగ్గరే ఆగిపోయినట్టుంటుంది. మధ్యలో ఫిజీ హిందీ, ఆ మధ్యలో ఇంగ్లీషు. రొట్టె, టమోటా చట్నీ ముందు పెట్టి, తింటే గానీ నోరు విప్పనంది. తిన్నాను.

"మా నాన్న పోయేదాకా ఆ ఇంటికి పెద్దన్నే అమ్మా. లచ్చయ్య చిన్నాన్న ఆయన ముందు కుర్చీలో కూకునీవోడు కాదు. రాజు నన్ను అక్కా, అక్కా అని నా కొంగట్టుకుని పెరిగాడు. ఇప్పుడు చూడు, మెసేజిలో ఏటని రాస్తన్నాడో." ఫోన్ నా ముందు పెట్టింది. 'డియర్ మిసెస్ వెంకటమ్మ' అని ఉంది. "ఆ చుక్కల గీత కాగితం ఫ్యామిలీ గ్రూపులో ఎట్టేశాడు. మా అమ్మాయి కూతురు చూసి ఏటడిగిందో తెలుసా? 'నానీ, ఆర్ వీ నాట్ రియల్?' అంది. నానేటి సెప్పేది దానికి?"

"మీ మామ్మగారి పెళ్లి గురించి ఇంట్లో ఏమనుకునేవారు ఆంటీ?"

"మద్రాసులో ఓడొచ్చేదాకా కూలోళ్లని ఉంచే డిపోలోనే పసుపుతాడు కట్టాడంట మా తాత. ఓడెక్కక ముందే. అగ్గి ముందర."

రాసుకున్నాను గానీ నమ్మలేదు. ఈ పనిలో దిగిన నాటి నుంచి అగ్నిసాక్షిగా పెళ్లాడని నాయనమ్మ నాకు ఒక్కరూ తగల్లేదు. అలాగే తగవు లేకుండా పోయిన పొలం, మోసపోకుండా చితికిన వ్యాపారం కూడా.

ఆవిడ నా మొహం చూసి పట్టేసింది. "నువ్వు నా మాట నమ్మట్లేదు."

"నేనెవర్నీ నమ్మనాంటీ. మీ తమ్ముణ్ని ఇంకా తక్కువ నమ్ముతున్నాను."

"అదీ మాట" అని ఇంకో రొట్టె వేసింది.

ఇక పని సంగతి. రాజుగారు తెప్పించినవాటిని ఎక్స్‌ట్రాక్ట్‌లు అంటారు. రిజిస్టరు పేజీలోంచి మనం అడిగిన ఒక్క వరస మాత్రం ఎత్తి, ముద్ర కొట్టి ఇచ్చే కాగితం అది. అబద్ధం కాదు. కానీ దాని పైన ఏముంది, కింద ఏముంది అన్నది మనకి తెలియదు. ఈ పని చేసేవాళ్లలో చాలామంది ముద్ర కనిపించగానే దణ్ణం పెట్టి అక్కడితో ఆగిపోతారు. అసలు పేజీలు మైక్రోఫిల్ము మీద ఉంటాయి, పాత పుస్తకాల్ని ఫొటో తీసి చుట్టిన రీళ్లు. వాటి కాపీలున్న లైబ్రరీ సిటీలో ఉంది. ఎవరు తూచి ఇచ్చినా నేను మళ్లీ తూచుకోవాల్సిందేనని రైలెక్కాను.

పెళ్లి పేజీ తెర మీదకి రాగానే అనుమానం మనిషి మీది నుంచి కాగితం మీదకి మళ్లింది. అప్పన్న, సూరమ్మల వరసకి పైనా కిందా ఉన్న జంటలన్నీ అదే తోట కూలీలు. అందరివీ అదే తేదీ. అందరికీ సాక్షి వీరాసామే. ఆ వీరాసామి తాతగారి అన్న అనీ, అన్న పక్కన నిలబడ్డాడు కాబట్టి అదే అసలు పెళ్లి అనీ రాజుగారు నాకు చెప్పారు. మన పెళ్లిళ్లలో సాక్షి సంతకం మేనమామో పెదనాన్నో పెడతారు. అందుకని పాత రిజిస్టర్లో సాక్షి కనబడితే మనవాళ్లు వెంటనే చుట్టాన్ని చేసేస్తారు. పేజీలో ఉన్న ప్రతి జంటకీ అన్న కాగలిగినవాడు వీరాసామి ఒక్కడే అయ్యుండాలి! తోట మేస్త్రీనో, కోర్టు బంట్రోతో అయ్యుంటాడు.

మన పద్ధతిలో చేసుకున్న పెళ్లికి ఆ రోజుల్లో అక్కడి చట్టం లెక్కలో విలువ లేదు. మెజిస్ట్రేట్ దగ్గర రాయించుకుంటేనే పెళ్లి. ఎప్పుడో తాళి కట్టినవాళ్లని కూడా ఏదో అవసరం పడ్డప్పుడు ఒక్కసారే తీసుకెళ్లి వరసగా రాయించేవారు. నేను చూస్తున్నది పెళ్లి కాదు, క్యూ.

అలాగని వెంకటమ్మగారి అగ్గి నిజమైపోదు. తండ్రి పేరు ఖాళీగా ఉన్న సంగతి అలాగే ఉంది. పుట్టుకల రీలు పెట్టాను. ఆ తోట పిల్లల పేజీల్లో చాలామందికి ఆ గడి ఖాళీయే. కొందరికి మాత్రం తండ్రి పేరు రాసి ఉంది. ఎవరికి ఉంది, ఎవరికి లేదు అని ఒక్కొక్కటీ పెళ్లి రిజిస్టరుతో సరిచూశాను. నాకు దొరికిన మేరకు లెక్క ఒకటే. పెళ్లి అప్పటికే రాయించుకున్నవాళ్ల పిల్లలకి పేరు ఉంది, రాయించుకోని వాళ్లకి లేదు. క్యూలో నిలబడ్డ మిగతా ఆడవాళ్ల పిల్లలకీ ఖాళీయే. ఆ గుమాస్తా తండ్రి ఎవరని ఆరా తియ్యలేదు, కాగితం ఉందా అని మాత్రమే చూశాడు.

ఇక్కడితో ఆగిపోవచ్చు. కానీ కొట్లో ఒక నియమం ఉంది. ఒకే రాయితో అందరికీ తూచాలి. రామయ్యని తూచిన రాయితో లచ్చయ్యని ఎవరైనా తూచారా? రాజుగారు వాళ్ల నాన్నకి బడి సర్టిఫికెట్టు ఒక్కటే ఇచ్చారు. దాని ప్రకారం ఆయన పుట్టింది పెళ్లి రిజిస్టరైన మరుసటేడు. ఆ కాలపు బడి పంతులు పిల్లవాణ్ని ఎగాదిగా చూసి వయసు వేసేవాడని మనకి తెలియనిదా?

సూరమ్మలు ఆ తోటలో చాలామంది. కానీ ఓడెక్కిన ప్రతి మనిషికీ ఒక పాస్ నంబర్ ఉండేది. పేరు పదిమందికి ఉండొచ్చు, నంబరు ఒక్కరికే. రామయ్య వరసలో తల్లి పేరు పక్కన ఉన్న ఆ నంబరు పట్టుకుని పేజీలు ముందుకు తిప్పాను. కళ్లు లాగేస్తున్న సమయానికి దొరికింది. సూరమ్మ, అదే నంబరు, మగబిడ్డ, లచ్చయ్య. పెళ్లి రిజిస్టరు కాకముందే పుట్టాడు. తండ్రి పేరు ఖాళీ.

నేను పైకే "అబ్బా!" అన్నట్టున్నాను. పక్క మెషీన్ దగ్గరి ముసలాయన ఇంగ్లీషులో "నీ ఖైదీ దొరికాడా?" అన్నాడు. ఇక్కడ సగం మంది వెతికేది ఇంగ్లండ్ నుంచి గొలుసులతో వచ్చిన తాతల్నే. "ఖైదీ కాదు, ఫిర్యాదీ తండ్రి దొరికాడు" అన్నాను.

రిపోర్టు తీసుకోవడానికి రాజు అంకుల్ వచ్చినప్పుడు ముందు కాఫీ ఇచ్చాను. తర్వాత పేజీల ఫొటోలు ఇచ్చాను. ఆయన కళ్లజోడు మార్చుకుని, అకౌంటెంట్ కదా, వేలు పెట్టి వరస వరసా చదివారు. నంబరు దగ్గర వేలు ఆగింది.

"ఇది వేరే సూరమ్మ."

"నంబరు చూడండంకుల్."

చూశారు. మళ్లీ చూశారు. "వెంకటమ్మ మీకేమిచ్చింది?"

"టమోటా చట్నీ. బాగుంది."

ఆయన నవ్వలేదు. వేలు ఆ ఖాళీ గడి మీదకి జరిపారు. కాఫీ మీద మీగడ కట్టింది.

"సో... హూ వాజ్ మై ఫాదర్స్ ఫాదర్?"

వంశవృక్షంలో అందరికీ గీతలు గీసిన మనిషి గొంతు అంత చిన్నదైపోతుందని నేననుకోలేదు.

"నాకు తెలియదంకుల్. బహుశా అప్పన్నగారే. ఇద్దరికీ ఆయనే అయ్యుంటారని నా ఊహ. కానీ ఈ కాగితాలు మాత్రం ఆ మాట చెప్పవు. రామయ్యగారి గురించీ చెప్పవు, మీ నాన్నగారి గురించీ చెప్పవు."

"మిమ్మల్ని నేను అడిగింది రామయ్య గురించే కదా. రిపోర్టులో మా నాన్న సంగతి లేకపోతే..."

ఇన్నాళ్లకి బేరం మొదలైంది. నిజం చెప్పొద్దూ, ప్రాణం లేచొచ్చింది.

"రెండూ ఉంటాయి, లేకపోతే రెండూ ఉండవు. చుక్కలు పెడితే ఇద్దరికీ పెట్టండి. గీత గీస్తే ఇద్దరికీ గీయండి. అంతకంటే కిందకి దిగను."

"మీకు తెలియదమ్మా" అన్నారు. "చిన్నప్పట్నుంచీ పండగొచ్చినా చావొచ్చినా ముందు రామయ్యగారి పిల్లలు. తర్వాతే మేము. ఆ రికార్డు వచ్చిన రోజు ఐ ఫెల్ట్... ఐ వాజ్ హ్యాపీ." ఆ మాట తనకే నచ్చనట్టు మొహం తిప్పుకున్నారు. రిపోర్టు మడిచి కోటు జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు.

వారాల తరబడి ఎవరి నుంచీ కబురు లేదు. రిపోర్టు చింపేశారేమో, నా మాటలు దిద్దించి ఇంకోలా ప్రింట్ చేయించారేమో అని అనుమానాలు నాకు వంతులవారీగా వచ్చాయి. సెప్టెంబరులో వెంకటమ్మగారు స్కోఫీల్డ్స్ హాల్లోంచి బోర్డు ఫొటో పంపింది. జూమ్ చేసి చూశాను. ఇద్దరు కొడుకులకీ తిన్నటి గీతలే. రామయ్య ముందు, లచ్చయ్య తర్వాత. బోర్డు పక్కన చీర కొంగు సర్దుకుంటూ ఆవిడ, మనవరాలు.

ఆ వారంలోనే ఆవిడ ఫోన్ చేసింది.

"ఒకటడుగుతాను, దాచకుండా సెప్పు. మా తాత మా నాన్నకి తండ్రేనా?"

"తెలియదాంటీ."

"రాజుకి తెలుసా?"

"ఆయనకీ తెలియదు."

"సర్లే. ఈ వయసులో ఆ మాత్రం తెలవకపోతే ఏటి." అని మాట మార్చింది. "రిపోర్టులో ఆ పెళ్లి పేజీ ఉందంట కదా, మొత్తం నాకోటి పంపు."

"మీ వరస ఎక్స్‌ట్రాక్ట్ రాజు అంకుల్ దగ్గరుంది కదా."

"మా వరస కాదమ్మా, మిగతాయి. మా మామ్మతో ఆ రోజు లైన్లో నిలబడ్డోళ్లంతా. ఆళ్ల మనవలు కూడా ఎక్కడో ఉంటారు కదా. రాజులాంటోడు ప్రతి ఇంట్లోనూ ఒకడుంటాడు."

ఈ కేసు నాకు నేర్పింది రెండు ముక్కల్లో చెప్పొచ్చు. అప్పట్నుంచి ఒక్క వరస కాగితం చూసి నేను ఏ పెళ్లి గురించీ మాట్లాడను, పేజీ చూడాల్సిందే. రెండోది, ఎదుటివాడి తాతని తూచమని ఎవరొచ్చినా ముందు వాళ్ల తాత కాగితాలు టేబుల్ మీద పెట్టమంటాను. సగం మంది అక్కడే లేచి వెళ్లిపోతారు. వ్యాపారానికి నష్టమే, మా నాన్న వింటే తిట్టేవాడు.

ఆ పేజీలో మిగతా జంటల తాలూకు వాళ్లలో ఇప్పటికి మూడు కుటుంబాలు దొరికాయి. వెతకడం నా వంతు, ఫోన్ చెయ్యడం ఆవిడ వంతు. పేరు చెప్పుకోదు, కుశలం అడగదు. "మీ మామ్మ తప్పేటీ సెయ్యలేదు బాబూ" అని మొదలుపెడుతుంది. ఇద్దరు స్కామ్ అనుకుని పెట్టేశారు. బ్రిస్బేన్‌లో ఒకాయన మాత్రం పెట్టెయ్యలేదట. "మా ఇంటి సంగతి మీకెవరు చెప్పారు?" అని అడిగాడట.

"మీరేం చెప్పారాంటీ?" అన్నాను.

"సెప్పడానికేటుంది? పేజీ పంపాను."