డబ్బా మీది నరసింహమ్మ

నరసింహమ్మవ్వ ఆకు మూటను ఎప్పుడూ నేల మీద పెట్టేది కాదు. అహోబిలం పైనున్న చెంచుగూడెం నుంచి తెల్లవారకముందే దిగి, ఆళ్లగడ్డలో బస్సు మారి, నంద్యాల చివర మా ఫార్మసీ కాలేజీకి వచ్చేసరికి పదకొండయ్యేది. దారంతా మూట ఒళ్లోనే. తడిగుడ్డ విప్పితే సరస్వతి ఆకు అప్పుడే వాగు ఒడ్డున గిల్లినట్టు ఉండేది. వేరుతో సహా పీకి తెమ్మని ఎవరడిగినా తెచ్చేది కాదు.

2004లో నేను ఆ కాలేజీ ల్యాబులో గాజు సామాను కడిగేదాన్ని. తొమ్మిదిలో బడి మానేశాక దొరికిన పని అది. నలుగురిలో నాకు నోరు పెగలదు. వినడం, చూడడం మాత్రం ఎక్కువ.

అవ్వ భర్త గురవయ్య తేనె తీసేవాడు. ఏ కొండచరియకు ఎన్ని తేనెపట్లున్నాయో గుడిసెలో కూర్చునే చెప్పేవాడట. అరవై దాటాక ఒక్కొక్కటే మరిచిపోసాగాడు. మొదట తాడు ముళ్లు, తర్వాత దారులు. ఒకసారి కనబడకపోతే గూడెమంతా రెండు రోజులు వెతికింది. చివరికి తన గుడిసె వెనకాలే కూర్చుని, ఇంటికి దారేదని అడిగాడట. ఆ మరుసటి రోజు నుంచి అవ్వ పొద్దున్నే సరస్వతి ఆకు నూరి ఆయన బువ్వలో కలపడం మొదలుపెట్టింది. వాళ్లమ్మ చెప్పిన వైద్యం.

మా అజయ్ కుమార్ సారు పరీక్షిస్తున్నది కూడా ఆ ఆకునే. దీంతో ఏం చేస్తావని అవ్వ ఒకరోజు ఆయన్ను అడిగింది. సారు నాకూ అర్థమయ్యేలా చెప్పాడు. కోసిన వంకాయ గాలి తగిలి నల్లబడుతుంది. మనం పీల్చే ప్రాణవాయువు వల్లనే మెదడు కణాలకూ అలాంటి దెబ్బ తగులుతుంటుంది. ముక్కల్ని ఉప్పునీళ్లు కాపాడినట్టు, ఈ ఆకులోని కొన్ని పదార్థాలు ఆ కణాలను కాపాడవచ్చు. ఎలుకల్లో అలా కనబడింది. మనుషుల సంగతి తనకు తెలియదన్నాడు.

అవ్వ మూట విప్పి ఆకును బల్ల మీద పోసింది.

"నల్లబడినాంక ఉప్పునీళ్లల్లో ఏస్తే తెల్లగైతాదా సారూ?"

"కాదమ్మా" అన్నాడు సారు.

ఆమె ఖాళీ గుడ్డ దులుపుకుని వెళ్లిపోయింది. ఇక రాదనుకున్నాను. తర్వాతి వారం మళ్లీ వచ్చింది, ఆకుతో. తెలియదని చెప్పిన పెద్ద చదువులాయన్ను చూడడం ఇదే మొదలని నాతో అంది.

ఆళ్లగడ్డలో మూలికల కొట్టు ఓబులేసు కూడా ఆమె దగ్గర ఆకు కొనేవాడు. మరుసటి ఏడు, పిల్లల కోసం జ్ఞాపకశక్తి మందులు కొనే పరీక్షల కాలానికి ముందు, ఆమెకు స్టూడియోలో ఫోటో తీయించాడు. కొట్టు గోడకు తగిలిస్తానన్నాడట. నెల తిరగకుండానే అవ్వ ఓబులేసు అమ్మే లేహ్యం డబ్బా ఒకటి పట్టుకుని ల్యాబుకు వచ్చింది. దాని మీద ఆమె ముఖం. సారు ఊళ్లో లేడు. కింద ఏం రాశారో చదవమని నాకిచ్చింది.

"మతి పోయిన నా భర్త ఈ లేహ్యంతో నన్ను గుర్తుపట్టాడు. ఇట్లు, చెంచు నరసింహమ్మ."

మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను.

"సంతనాటికి ఆళ్లగడ్డకు రా పాపా. ఆడ గూడా ఇట్లనే సదువు."

సంతనాడు వెళ్లేసరికి ఆమె ఓబులేసు కొట్టు మెట్టు మీద కూర్చుని ఉంది. పక్కన గురవయ్య ఆమె కొంగు పట్టుకుని నిలబడ్డాడు. నేను చదివాను. గట్టిగా చదవమంది. జనం ఆగారు. ఓబులేసు లోపలి నుంచి వచ్చి, వ్యాపారమన్నాక ఇలాగే రాస్తారని సర్దిచెప్పబోయాడు. ఆమె వినలేదు.

"ఏమ్మే, ఎలుకలకు పనిసేసిందని మీ సారే సెప్పినాడంట గదా" అన్నాడు ఓబులేసు.

"అయితే డబ్బా మీద ఎలుక బొమ్మ ఏసుకోప్పా. నా మొగం యాల?"

జనం నవ్వారు. ఎవరో గురవయ్యను, తాతా ఈమె ఎవరు అని అడిగారు. ఆయన ఆమె ముఖంలోకి వంగి చూశాడు.

"మంచి మనిషి. బువ్వ పెడ్తాది" అన్నాడు.

అవ్వ ఆయన చేతిని కొంగు మీద నుంచి తీయలేదు.

రాత మారుస్తాను, ఫోటో మాత్రం ఉండనివ్వమని ఓబులేసు గొంతు తగ్గించి అడిగాడు. తన కొట్టు లేకపోతే ఆమె ఆకు ఎవరు కొంటారన్నాడు.

"ఏడాదిపాటు రోజూ పొద్దున్నే లేసి ఈయన్ను నా పేరడిగినా. ఈ డబ్బా సూసి ఇంగొకామె అట్ల అడుగుతా కూసోగూడదు. మొగం తీసేదాంక నేను లేయను."

లేవలేదు. ఎండ మెట్టు మీదికి వచ్చింది, పోయింది. కొనడానికి వచ్చినవాళ్లు ఆమెను దాటి లోపలికి పోలేక తిరిగిపోయారు. సాయంత్రానికి ఓబులేసు డబ్బాల గంపను ఆమె ముందుకు తోశాడు.

"నీ మొగం నువ్వే పీక్కో. ఇంగ నా కొట్టుకు ఆకు తేవద్దు."

"తేను" అంది.

ఇద్దరం గోళ్లతో కాగితాలు పీకాం. కొన్ని డబ్బాలకు ఆమె కన్నొకటి, చెవొకటి అంటుకుపోయి మిగిలాయి. వాటినీ తడిపి గీకింది. ఒక్కటి వదల్లేదు.

బస్టాండులో ఆమె చెంగు ముడి విప్పి, సరస్వతి ఆకు పచ్చడి కలిపిన రెండు ముద్దలు బయటికి తీసింది. ఒకటి గురవయ్యకు తినిపించింది. తగ్గదని తెలిసీ ఎందుకు పెడుతున్నావని అడిగాను. ఆమెను నేనుగా ఏదైనా అడగడం అదే మొదలు.

"ఇంగా నల్లబడని ముక్కలు ఉంటాయి గదా పాపా" అంది.

రెండో ముద్ద తన నోట్లో వేసుకుంది.

"నేను గూడా మర్సిపోతే ఈయన ఎవురో సెప్పేటోళ్లు యాడుండారు?"

అహోబిలం బస్సు వచ్చింది. గురవయ్య ఎక్కనని మొరాయించాడు. ఆమె తానే ముందు ఎక్కి, కొంగు కిందికి వదిలింది. ఆయన దాన్ని పట్టుకుని ఎక్కాడు.