పట్టపగలు శుక్రుడి కోసం కైకలూరు దాకా

తాడేపల్లిగూడెంలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. గ్రహాల స్థానాలు గణించి టెలిస్కోపు తిప్పడం నాకున్న పిచ్చి. ఆ పిచ్చి సంగతి విని, కైకలూరు దగ్గర పల్లెలో ఉండే శేషయ్య సిద్ధాంతిగారు ఫోన్ చేశారు. నలభై ఏళ్ళుగా పంచాంగం గణిస్తున్న మనిషి. "ఒక కన్ను పోయిందండీ, రెండోది మసకేస్తోంది. శుక్రుణ్ణి నా లెక్కతోనే ఒక్కసారి మీ గొట్టంలో చూపిస్తారా అండీ?" అన్నారు. కాదనడానికి నోరెలా వస్తుంది? చీకట్లో చెరువుగట్ల మీద ఆయన నడవలేరు కాబట్టి పగలే చూద్దామన్నాను.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం పదిగంటల రైలెక్కితే గంటలోపే ఏలూరు. అక్కణ్ణుంచి కైకలూరు బస్సుకు దాదాపు రెండు గంటలు. కొల్లేరు దాటేటప్పుడు కుడివైపు కిటికీ పట్టుకోండి, గూడబాతులు కనిపిస్తాయి. కైకలూరులో ఆటో అతను నా పెట్టె చూసి, "చేపల చెరువులో నీళ్ళు చిలికే ఏరేటర్ మోటారాండీ?" అన్నాడు. శుక్రుణ్ణి చూసే టెలిస్కోపు అన్నాను. "మధ్యాహ్నం పూటాండీ!" అని నన్నోసారి ఎగాదిగా చూసి, రెండొందలన్నవాడు నూటయాభైకే తీసుకెళ్ళాడు. జాలిపడ్డాడేమో మరి!

సిద్ధాంతిగారి ఊళ్ళో చేపల మేత గోదాము నీడలో టెలిస్కోపు నిలబెట్టాను. సిద్ధాంతిగారు తన చేతిరాత కాగితం ఇచ్చారు. అందులో శుక్రుడి రాశి, భాగలు, కళలు, అంటే డిగ్రీలూ నిమిషాలూ ఉన్నాయి. వాటినుంచి నాలుగున్నరకు ఎంత ఎత్తులో, ఏ దిక్కున ఉంటాడో లెక్కగట్టి గొట్టం తిప్పాను. ఉత్త నీలం. పావుగంట వెతికినా ఏమీ లేదు. పెద్దాయన లెక్కే తప్పిందని నాకు గట్టిగా అనిపించింది. చెప్పలేక నసుగుతుంటే, ఆయన గొట్టం ఎటు చూస్తోందో తడిమి, తర్వాత గోదాము వెనకాల ఎండ ఏ మూల నుంచి వస్తోందో కనుక్కున్నారు. ముఖం పాలిపోయింది.

"శుక్రుడు సూర్యుడికి ఇంత దగ్గరైతే నాలుగు రోజుల్లో మూఢం వచ్చేయాలండీ. నెలాఖరు దాకా పెళ్ళిళ్ళకు ముహూర్తాలు పెట్టేశానండీ!" తర్వాత మెల్లగా అడిగారు. "ఏవండీ, అయనాంశ కలిపారా?"

నా తల తిరిగిపోయింది. పంచాంగం నక్షత్రాల నుంచి కొలుస్తుంది. నా సూత్రాలు విషువత్తు నుంచి, అంటే పగలూ రాత్రీ సమానమైన రోజు సూర్యుడుండే చోటు నుంచి కొలుస్తాయి. రెంటికీ ఉన్న ఇరవైనాలుగు డిగ్రీల తేడాయే అయనాంశ. లెక్కల మాస్టారినై ఉండి అదే మరిచాను! సిగ్గుతో చచ్చిపోయాను. కలిపి, మళ్ళీ గణించి, గొట్టం పైకెత్తాను. నీలంలో తెల్లటి సన్నని నెలవంక! ఒళ్ళు జలదరించింది.

సిద్ధాంతిగారు కన్ను ఆనించారు. "ఉన్నాడండీ," అన్నారు. "చవితి చంద్రుడిలా ఉన్నాడండీ. ఇన్నేళ్ళూ నాకు వట్టి అంకేనండీ." తర్వాత ఆయన అడిగింది విని నాకు కళ్ళు చెమర్చాయి. "గొట్టం పక్కకు తప్పించేయండి. ఈసారి నేను తిప్పుతాను."

అంకెలు నేను చదివాను, మరలు ఆయన తిప్పారు. శుక్రుడు మళ్ళీ అక్కడే ఉన్నాడు. కాగితం మీది లెక్కకు ఆకాశం అలా జవాబివ్వడం నేను చాలాసార్లు చూశాను, కానీ ఆ రోజు చూసినంత ఆశ్చర్యంగా ఎప్పుడూ లేదు. మీరూ ప్రయత్నిస్తే, సూర్యుడు ఏదైనా గోడ వెనకాల పూర్తిగా దాగే చోటే టెలిస్కోపు పెట్టండి. పొరపాటున సూర్యుడు గొట్టంలో పడితే కన్ను పోతుంది. ఆ రోజు నా తప్పు లెక్క గొట్టాన్ని సూర్యుడి వైపే తిప్పింది. అక్కడ ఆనించబోయింది ఆయనకు మిగిలిన ఒక్క కన్ను.