చార్జింగెక్కని చీపురు

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను తొందరపడి ముందు రచ్చ గెలిచేశాను. ఇంట ఎంత ఘోరంగా ఓడిపోయానో ఇప్పుడు చెబుతాను. నేను చెప్పానని మా ఆవిడతో మాత్రం అనకండి. ఆవిడ ఇప్పటికే ఊరంతా చెప్పేసింది, నేను ఆలస్యమయ్యానంటుంది.

ప్రపంచకప్పుకి నెలన్నర ముందు మాట. దోహాలో స్టేడియానికి లైట్లు బిగించే కంపెనీలో నేను ఎలక్ట్రికల్ ఇంజనీరుని. ఎటు చూసినా తవ్వకాలే. ఫరీజ్ బిన్ మహమూద్‌లో మా ఫ్లాటు కిటికీలు ఎంత బిగించినా, సాయంత్రానికి సోఫా మీద పేరు రాసుకునేంత దుమ్ము. మా ఆవిడ సుధకి దుమ్ము పడదు. తుమ్మడం మొదలెడితే పై వాటా వాళ్ళు లెక్కపెట్టేవారు. అది చూడలేక, అల్ అజీజియాలో ఉండే వాళ్ళ తమ్ముడు ఓ గుండ్రటి రోబో చీపురు కొనిచ్చాడు. ఇల్లంతా అదే ఊడ్చి, అదే వెళ్ళి తన చార్జింగ్ పీట ఎక్కి కూర్చునేది. నాకంటే బుద్ధిగా ఉంటుందని సుధ అభిప్రాయం.

దసరా వచ్చింది. ఆయుధపూజకి కారు తాళాలు, మిక్సీ, కరెంటు ఉందో లేదో చూసుకునే నా మీటరు, రోబో, అన్నీ వరసగా పెట్టాం. గంధం, కుంకుమ బాధ్యత నాది.

"రోబోకి పైన పెట్టకండి, తెల్లటిది, మరక పోదు," అంది సుధ.

సరేనని దాన్ని వెల్లకిలా తిప్పాను. పొట్ట కింద రెండు లోహపు బిళ్ళలు కళ్ళలా మెరుస్తున్నాయి. చెరో బొట్టు దిట్టంగా పెట్టాను. ఆనించి చూసే మీటరు లీడ్ల మొనలకీ అదే మర్యాద చేశాను. నా భక్తిలో లోపం లేదని మీరే సాక్షులు.

మర్నాడు రోబో పీట ఎక్కింది గానీ చార్జింగ్ ఎక్కలేదు.

"ఏవండీ, వారంటీ ఉంది. షాపులో ఇచ్చేద్దాం," అంది సుధ, రెండు తుమ్ముల మధ్య.

"స్టేడియానికి కరెంటిచ్చేవాణ్ణి, ఈ అప్పడానికి ఇవ్వలేనా?"

"సీలు తీస్తే వారంటీ పోతుందని రాసుంది."

"అది పని తెలియనివాళ్ళ కోసం."

మీటరు తెచ్చి పీటకి ఆనించాను. సున్నా. "పీట పోయింది," అన్నాను. రోబో బిళ్ళలకి ఆనించాను. సున్నా. "ఇదీ పోయింది." అనుమానం తీరక గోడ ప్లగ్గులో పెట్టాను. అక్కడా సున్నాయే. అదే గోడకున్న ఫ్రిజ్జు మాత్రం గుర్రుమని నడుస్తోంది. బుద్ధున్నవాడు అక్కడ ఆగుతాడు. నేను స్క్రూడ్రైవరు అందుకున్నాను.

సీలు చింపి, పొట్ట విప్పి, ఏమీ అర్థం కాక మళ్ళీ మూసేసరికి మూడు స్క్రూలు మిగిలాయి. సుధ ముక్కుకి చున్నీ కట్టుకుని మామూలు చీపురు తీసింది.

"శుక్రవారం మా తమ్ముడు భోజనానికొస్తాడు. రోబో ఏదక్కా అంటే ఏం చెప్పను?" అని మళ్ళీ తుమ్మింది. నాకు నిజంగానే సిగ్గేసింది.

షాపుకి ఇద్దరం వెళ్ళాం. రోబో, పీట, మిగిలిన మూడు స్క్రూలు, సాక్ష్యానికి మీటరు వెంట తీసుకెళ్ళాను. రిపేర్లు చేసే రాజేశం జగిత్యాల మనిషి.

"నాసిరకం సరుకు. కొత్తది మార్చి ఇవ్వు," అని గద్దించాను.

"సీలు చింపిండ్రు సార్. ఇగ వారంటీ మాఫీ," అన్నాడు, లేదనడానికి ఇక్కడి అరబ్బీ మాటతో.

"ఈ మీటరు చూడు, సున్నా చూపిస్తోంది."

అతను రోబోని తిప్పి, బిళ్ళని గోటితో గీకి, వాసన చూశాడు. "గంధం సార్. దసరకు బొట్టు పెట్టిండ్రా?"

రాజేశం బిళ్ళలు తుడిచి, నా మూడు స్క్రూలూ బిగించి, పీట మీద పెట్టాడు. పచ్చలైటు వెలిగింది. కొండను తవ్వి కుంకుమని పట్టిన ఘనుణ్ణి నేను. తర్వాత మీటరు లీడ్లు చేతిలోకి తీసుకుని, "గీటికి సుత పెట్టిండ్రు," అన్నాడు మెల్లగా.

"తప్పా ఏంటి? పూజే కదా."

"తప్పేం లేదు సార్. మా అమ్మ సుత ఫోన్ల అడుగుతది, దుబాయ్‌ల నీ సామాన్లకు బొట్టు పెట్టినవా బిడ్డా అని. ఆమెకు గల్ఫంత దుబాయే." తన స్క్రూడ్రైవరు పిడి చూపించాడు, కుంకుమ ఇంకా ఎర్రగా ఉంది. "పట్టుకునే కాడ పెట్టాలె సార్. పనిజేసే కాడ గాదు. ఇంతకు మీరేం పని జేస్తరు?"

"స్టేడియంలో... కుర్చీల లెక్క చూస్తాను," అన్నాను.

"ఎలక్ట్రికల్ ఇంజనీరు," అంది సుధ. ఈసారి తుమ్ము కూడా అడ్డం రాలేదు.

అందుచేత దుర్గమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట గంధం గిన్నె, స్క్రూడ్రైవరు నా చేతికి రానివ్వను. మా ఇంట్లో ప్రస్తుతం రెండూ సుధ దగ్గరే ఉన్నాయి. నాకు గంట వాయించే పని మిగిల్చారు, అదీ చార్జింగ్ పీటకి ఆమడ దూరంలో నిలబడి.