అది పొగాకు గార కాదు

నన్ను ‘పళ్ళ డాక్టరు’ అని వెక్కిరించినవాళ్ళలో ఒక్కరూ నా దగ్గర పన్ను చూపించుకోలేదు. దంతవైద్యంలో పై చదువు కూడా పూర్తిచేసి, తొంభైల చివర్లో గుంటూరులో ఒక మెడికల్ కాలేజీలో అనాటమీ చెప్పేదాన్ని. శవం పళ్ళు చూసి వయసు, పెరిగిన ప్రాంతం చెప్పొచ్చన్నది నా పట్టు. బ్రాడీపేటలో క్లినిక్ పెట్టుకోక ఈ పీనుగుల గొడవేమిటని తోటివాళ్ళు మొహం మీదే అడిగేవాళ్ళు. శవపరీక్ష గదిలో ఫోరెన్సిక్ హెడ్డు నన్ను ఏనాడూ కూర్చోమనలేదు. అక్కడ ఖాళీ కుర్చీ ఎప్పుడూ ఉండేది.

ఒక ఏడు మిరపకాయలు దిగే రోజుల్లో కాలవలో దొరికిన మగమనిషి శవాన్ని ఆ గదికి తెచ్చారు. ఒంటి మీద డ్రాయరు తప్ప గుడ్డ లేదు. నీళ్ళలో నాని, మొహం ఆనవాలు పట్టేలా లేదు. పెదవి తొలగిన చోట ముందు పళ్ళు కనిపిస్తున్నాయి.

“గార పళ్ళు. పొగాకు నమిలే శాల్తీ,” అన్నాడు ఎస్సై. “పర్చూరు వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్లలో పనిచేసేవాడై ఉంటాడు. అక్కడికి కబురు పెట్టరా,” అని కానిస్టేబుల్‌కి పురమాయించాడు.

నేను టార్చి వేసి చూశాను. గార పన్ను మీద పేరుకుంటుంది, గీకితే ఊడుతుంది. ఇది పన్నులోనే ఉన్న రంగు. అడ్డంగా సుద్ద చారలు, వాటి మధ్య గోధుమ మచ్చలు. చిన్నప్పటినుంచీ ఫ్లోరైడ్ నీళ్ళు తాగితే వచ్చే పళ్ళు.

“ఇది పొగాకు కాదండీ. ఫ్లోరైడ్ నీళ్ళుండే కనిగిరి, పొదిలి వైపు కనుక్కోండి. ఈలోపు శవాన్ని ఉంచితే దవడ తెరిచి అచ్చు తీసుకుంటాను.”

“అచ్చా? చచ్చినోడికి కట్టుడు పళ్ళు పెడతారేంటి మేడమ్?”

అందరూ నవ్వారు. ఫోరెన్సిక్ హెడ్డు మరీ నవ్వాడు. ఐసు పెట్టె పనిచేయడం లేదని చెప్పి, “దంతాల సంగతి తరవాత చూద్దాంలేమ్మా,” అన్నాడు. ఆ తరవాత అనేది రానే లేదు. పర్చూరు నుంచీ ఎవరూ రాలేదు. అనాథ శవమని మున్సిపాలిటీ వాళ్ళు తీసుకెళ్ళి కాల్చేశారు.

నెల తిరక్కుండానే కనిగిరి అవతలి మెట్ట పల్లె నుంచి ఒక ముసలాయన వచ్చాడు. మిరప యార్డులో బస్తాలు మోయడానికొచ్చిన కొడుకు ఇల్లు చేరలేదట. కానిస్టేబుల్ నా దగ్గరికి పంపాడు. ఆయన నోరు తెరవగానే అవే చారలు, అవే మచ్చలు. నా మాటే నిజమైంది. ఏం లాభం?

“మావోడికి కింద దవడపన్ను ఒకటి లేదమ్మా, సంతలో పీకించాం. ఆ పీనుగకి ఉందా?”

నన్ను దవడ తెరవనివ్వలేదు. నేను చూసింది ముందు పళ్ళే.

“ముందు పళ్ళు మాత్రం అచ్చం మీ పళ్ళలాగే ఉన్నాయండీ.”

“మా ఊళ్ళో అందరియ్యీ ఇట్టాగే ఉంటయ్యి గదమ్మా!”

“అవును. అందుకే మీవాడని గట్టిగా చెప్పలేను. అయ్యుండొచ్చు.”

“ఎస్సైగారు పర్చూరోడన్నాడే! పొగాకు నమిలేటోడంట. మావోడు వక్కపలుకు కూడా ముట్టడు. ఇంక మావోడు కాదుగా?”

ఆ మాట అనుకోగానే ఆయన మొహం తేటపడింది. ఊరుకోవడం నాకు చేతకాదు. అది పొగాకు మచ్చ కాదని, ఎస్సైకి ఏమీ తెలియదని మొదటినుంచీ విడమరిచి చెప్పాను.

“నీ నోట మంచి మాటే రాదా తల్లీ!” అని లేచి వెళ్ళిపోయాడు. ఎస్సైని ఒక్క మాట అనలేదు, నన్నన్నాడు.

మరుసటేడు ఆయన మళ్ళీ గుంటూరు వచ్చాడని కానిస్టేబుల్ చెప్పాడు. యార్డులో కూలీలను అడిగి, అక్కణ్ణుంచి పర్చూరు వెళ్ళి బ్యారన్లన్నీ తిరిగాడట. ఆ చచ్చినవాడి తాలూకు మనుషులు ఎవరైనా అక్కడుంటే, తన కొడుకు కానట్టే కదా అని. ఎవరూ దొరకలేదట.