మా బావ కాఫీ షాపూ, మా ఊరి అభిప్రాయాలూ

లోకల్ కేబుల్ టీవీలో ముఖం కనిపిస్తే చాలు, రాజమండ్రిలో మనిషి పెద్దవాడైపోయే కాలం ఒకటుండేది. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే చొక్కా జేబుల్లోకి వస్తున్నాయి. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు, సీరియల్‌కీ సీరియల్‌కీ మధ్య దొరికిన ఖాళీలో జనం మా చానెల్ తిప్పేవారు. ఆ ఖాళీలో కనిపించే ముఖం నాది. బీకాం పూర్తిచేసి, బ్యాంకు పరీక్షలన్నీ శ్రద్ధగా తప్పి, దేవీచౌక్ దగ్గర స్టీలు సామాన్ల కొట్టు మేడమీద నడిచే చానెల్లో యాంకర్‌గా చేరాను. (యాంకరంటే మైకు పట్టుకోవడమే కాదు, లైట్లు మొయ్యడం, కరెంటు పోతే కిందికెళ్లి జనరేటర్ తాడు లాగడం కూడా.) నా కార్యక్రమం పేరు ‘ఊరి రుచి’. హోటళ్లు, మెస్సులు, సినిమా హాళ్లు, ఎగ్జిబిషన్లు, ఆర్కెస్ట్రాలు, ఊళ్లో తినేదీ చూసేదీ ఏదైనా సరే, దానిమీద జనం అభిప్రాయం అడిగి చూపించడం నా పని.

మా గోదావరి వాళ్లకు అభిప్రాయాలకేం కొదవలేదు. ఇడ్లీ తుంచి చట్నీలో ముంచేలోపే నాలుగు చెప్పగలరు. కానీ ఎదుటివాడి మొహంమీద అనమంటే మాత్రం నోరు రాదు. ఒకసారి ఇన్నీసుపేటలో ఓ టిఫిన్ హోటల్‌కి కెమెరాతో వెళ్లాను. మూల బల్ల దగ్గర పంచెకట్టు పెద్దాయన ఒకాయన పక్కాయనతో "ఇది పెసరట్టంటారా, అట్టముక్కంటారా? అల్లం చట్నీలో అల్లమేదండీ?" అని చిందులు తొక్కుతున్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. పరిగెత్తి మైకు మూతి దగ్గర పెట్టాను. ఆయన కండువా సర్దుకుని, కౌంటర్లో కూర్చున్న యజమాని వైపు ఒక చూపు చూసి, "బ్రహ్మాండమండీ. ఇలాంటి పెసరట్టు ఈ జిల్లాలోనే లేదండి" అన్నాడు. నెలల తరబడి ఇదే వరస. నల్లులున్న సినిమా హాలు ‘సూపర్’, నీళ్ల సాంబారు ‘అద్భుతం’, శ్రుతి తప్పిన ఆర్కెస్ట్రా గాయకుడు సాక్షాత్తూ గంధర్వుడు. చూసేవాళ్లకే విసుగొచ్చి మళ్లీ సీరియల్‌కి తిప్పేసుకునేవారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా బావ కాఫీ షాపు పెట్టాడు. బావంటే మా అక్క భర్త. మండపేటలో ఒక రైస్ మిల్లుకి మేనేజరు. ఎవరినీ పల్లెత్తు మాటనని మనిషి, తనకెవరైనా ఒక మాట చెబితే అందులో రెండో అర్థం వెతకని మనిషి. మిల్లు పనిమీద హైదరాబాద్ వెళ్లి, అక్కడ అద్దాల తలుపులూ మెత్తటి సోఫాలూ ఉన్న కాఫీ షాపు ఒకటి చూసొచ్చాడు. ఇక నిద్ర లేదు. "ఒక్క కాఫీ తీసుకుని గంటలు గంటలు కబుర్లు చెప్పుకుంటున్నార్రా జనం. కబుర్లలో మనవాళ్లని కొట్టేవాళ్లున్నారా? మన రాజమండ్రికేం తక్కువ?" అన్నాడు. మిల్లు ఉద్యోగం మానేసి, ఆ కాఫీ షాపు కంపెనీ వాళ్ల బ్రాంచి తెచ్చుకుని దానవాయిపేటలో తెరిచాడు. మా అక్క మల్లెపందిరి ఉన్న మండపేట ఇల్లు వదిలేసి, షాపు వెనకాల ఇరుకు వాటాలోకి వచ్చింది. మల్లె అంటు ఒకటి డబ్బాలో పెట్టి తెచ్చుకుంది, అంతే.

ప్రారంభం రోజున చుట్టాలందరం దిగాం. వెడల్పాటి తెల్ల కప్పుల్లో కాఫీ వచ్చింది, నురగమీద ఆకు బొమ్మతో. (మా అమ్మ నిజంగానే ఆకు పడిందనుకుని స్పూనుతో తియ్యబోయింది.) నాన్న కప్పుని అటూ ఇటూ తిప్పి, చల్లార్చుకోవడానికి గ్లాసొకటి ఇమ్మన్నాడు. తాగి చూస్తే ఏముంది, చంటిపిల్లలకి పురుగులు పోవడానికి పోసే కషాయం గుర్తొచ్చింది. బావ మాత్రం కొత్త చొక్కాలో వెలిగిపోతూ ప్రతి కుర్చీ దగ్గరికీ వచ్చి "ఎలా ఉందండీ?" అని అడిగాడు. మా పెదనాన్న మీసాలకంటిన నురగ తుడుచుకుని, "అమృతం అల్లుడుగారూ! ఇన్నాళ్లూ మేం తాగింది కాఫీయే కాదండి!" అన్నాడు. అమ్మ "బాగుంది బాబూ" అంటూనే మిగిలింది క్రోటన్ కుండీలో వొంపేసింది. నేనొక్కణ్నే "చేదుగా ఉంది బావా" అన్నాను. బావ నా భుజం తట్టాడు. "నీకలవాటు లేదులేరా. ఇంతమంది బాగుందంటున్నారు కదా!"

వచ్చినవాళ్లందరూ బాగుందన్నారు. బాగుందన్నవాళ్లెవరూ మళ్లీ రాలేదు. కాలేజీ కుర్రాళ్లు కొందరు మధ్యాహ్నం ఎండకి ఏసీ కోసం వచ్చి, నలుగురికి కలిపి ఒక కప్పు తీసుకుని కూర్చునేవారు. వాళ్లనీ బావ అడిగేవాడు. వాళ్లూ "కేక అండి" అనేవారు. ఒకరోజు బావ అద్దం తలుపులోంచి రోడ్డుకేసి చూస్తూ నాతో అన్నాడు: "నచ్చిందంటున్నారు, రావట్లేదు. ఎందుకంటావ్?" ఎదురుగా రోడ్డు అవతల రోజ్‌మిల్క్ బండి చుట్టూ జనం. అక్క గుడ్డతో తుడిచిన బల్లనే మళ్లీ తుడుస్తోంది.

ఇటు మా చానెల్ ఓనరుగారు నన్ను పిలిచి, "ఏంటయ్యా నీ గోల, అంతా బాగుందంటే ఎవడు చూస్తాడు? మొహం కనబడకుండా ఫోన్లు చెయ్యమను, అప్పుడు చూడు మన జనాన్ని" అన్నాడు. అలా ‘ఊరి రుచి’ లైవ్ ఫోన్ కార్యక్రమమైంది. ఏ పేరైనా చెప్పుకోవచ్చు, ఏమైనా చెప్పొచ్చు, ఫోను మాత్రం కట్ చెయ్యబోమని నేనే ఘనంగా ప్రకటించాను. ఇక చూడాలి! ఆనకట్ట తలుపులన్నీ ఒక్కసారి ఎత్తేసినట్టయింది. "ఆయ్, ఆ బస్టాండు మెస్సులో పప్పుకి పప్పు తగల్లేదండి." "ఆ హాల్లో హీరో ఏడుస్తుంటే మాకు సౌండు రావట్లేదండి, మా పక్కోడి గురక వస్తుందండి." పెళ్లిళ్ల క్యాటరింగాయన పూర్ణాల గురించి ఒకావిడ చెప్పింది వింటే, ఆ పూర్ణాలమీద నాకే జాలి వేసింది. ఊరంతా మా చానెలే. రోడ్డుమీద జనం ఆపి మరీ చేతులు కలిపేవారు. ఒక హోటలాయన కళ్లనీళ్లతో మా ఆఫీసు మెట్లెక్కి వస్తే, ఆయనకి ప్రజాభిప్రాయం గురించి చిన్న ఉపన్యాసం ఇచ్చి పంపాను.

అదే రోజు సాయంత్రం మొదటి ఫోన్ ఒకావిడది. "దానవాయిపేటలో కొత్తగా కాఫీ షాపు పెట్టారు కదండీ, దాని గురించి చెప్పొచ్చాండీ?" కట్ చెయ్యబోమని ప్రకటించింది నేనే కదా. "చెప్పండమ్మా" అన్నాను. ఆవిడ చెప్పింది. తర్వాత ఇంకొకరు. తర్వాత వరసగా. "చేదండీ బాబూ, నాలిక రెండ్రోజులు పనిచెయ్యలేదు." "ఆ కప్పులో సగం నురగేనండి, మిగతా సగం విచారమండి." "సోఫా బాగుందండి, దాన్ని తాగలేం కదండీ." అద్దం అవతల కెమెరా కుర్రాళ్లు నవ్వలేక పొట్టలు పట్టుకుంటున్నారు. ఆ షాపు ఎవరిదో వాళ్లకి తెలీదు. ఆ షాపులో గోడకున్న టీవీ ఆ టైముకి తప్పకుండా నా చానెలే పెట్టి ఉంటుందని నాకు తెలుసు. బావమరిది కార్యక్రమమని వచ్చినవాళ్లందరికీ చూపించుకునేవాడు పాపం.

అప్పుడొచ్చింది ఆ గొంతు. "కోటగుమ్మం నుంచి సుబ్బారావునండి."

మా పెదనాన్న! పుట్టినప్పట్నుంచీ వింటున్న గొంతు. ఉండేది ధవళేశ్వరంలో, ఆయన పేరు సుబ్బారావు కానే కాదు. "అది కాదండీ, కాఫీ అన్నాక ఒక కమ్మదనం ఉండాలి కదండీ. అది కాఫీయా? చింతబొగ్గులు నానబెట్టిన నీళ్లండి. ప్రారంభానికి పిలిచారు కాబట్టి గుటకేశాం గానీండి..." అంటుంటే వెనకనుంచి మా పెద్దమ్మ గొంతు ఊరంతటికీ స్పష్టంగా వినిపించింది: "ఏవండీ, కాస్త మెల్లిగా చెప్పండి, మన అల్లుడిదే కదా!" పెదనాన్న ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టాననుకుని పెట్టకుండానే, "నువ్వుండవే, పేరు మార్చాను కదా!" అన్నాడు.

కెమెరా కుర్రాళ్లు నేలమీద కూలబడ్డారు. నాకు నవ్వు రాలేదు. కట్ చేద్దామని చెయ్యి స్విచ్ దాకా వెళ్లింది. ఆ హోటలాయన తడి కళ్లు గుర్తొచ్చి ఆగిపోయింది. ఊళ్లో అందరి మెస్సులకీ ఒక న్యాయం, మా బావ షాపుకి ఇంకొకటా? గొంతు సవరించుకుని అడిగాను: "మరి సుబ్బారావుగారూ, ఈ మాట ఆ షాపాయనకి చెప్పారాండీ?"

అటువైపు ఒక దగ్గు వినిపించింది. తర్వాత చాలా మర్యాదగా, "మొహంమీద ఎలా చెప్తామండీ? బాధపడడూ?" అన్నాడు పెదనాన్న.

కార్యక్రమం అవగానే సైకిలెక్కి దానవాయిపేట పరిగెత్తాను. షాపులో ఎవరూ లేరు. టీవీ కట్టేసి ఉంది. కౌంటర్లో అక్క నన్ను చూసి లేచింది. "ఒరేయ్, కట్ చెయ్యడానికి నీకు చెయ్యి రాలేదంట్రా? ఊరందరి ముందు మీ బావని అన్నేసి మాటలంటుంటే చెప్పండమ్మా, చెప్పండమ్మా అంటావా?" నేనేదో అనబోయాను. "ఇంకెప్పుడూ నాతో మాట్లాడకు" అని వెనక వాటాలోకి వెళ్లిపోయింది.

బావ మూల సోఫాలో కూర్చున్నాడు. ముందు ఒక కప్పు. పక్కన కూర్చోమని సైగ చేశాడు. కప్పు నాకేసి జరిపాడు.

"నాకూ మొదట్నుంచీ చేదుగానే ఉందిరా. అందరూ బాగుందంటుంటే, నా నాలికే పల్లెటూరిదనుకున్నాను."

అంతే. తిట్టినా బాగుండేది. చల్లారిన ఆ కాఫీ నేనే తాగేశాను.

పాపం, ఆ తర్వాత ప్రయత్నం చేశాడు. పొద్దున్నే మా అమ్మ చేత డికాషన్ తీయించుకుని, చిక్కటి గేదెపాలతో కాఫీ ఇద్దామనుకున్నాడు. కంపెనీవాళ్లు ఒప్పుకోలేదు. వాళ్ల మిషనూ, వాళ్ల పొడీ, వాళ్ల కప్పూ తప్ప ఇంకేదీ ఆ అద్దాల లోపల ఉండకూడదట. వేసవి దాటకుండానే షాపు మూతపడింది. సామాను సర్దే రోజు మా పెదనాన్న పరామర్శకు వచ్చి, బావ రెండు చేతులూ పట్టుకుని, "అంత మంచి కాఫీ అల్లుడుగారూ! మా ఊరి జనానికి అదృష్టం లేదండి" అన్నాడు, కళ్లు ఒత్తుకుంటూ. బావ ఆయనకి కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, "మీ అభిమానమండి" అన్నాడు. అంత మర్యాద ఒకేచోట నేను మళ్లీ చూడలేదు.

బావ జంగారెడ్డిగూడెంలో పామాయిల్ తోటల వ్యాపారి దగ్గర పనికి కుదిరాడు. నా కార్యక్రమమూ ఎంతోకాలం నిలవలేదు. హోటళ్లవాళ్లంతా కూడబలుక్కుని ప్రకటనలు ఆపేస్తే, ఓనరుగారు ఆ వేళకి సినిమా పాటలు వేసేశాడు. ఊరు మళ్లీ ‘బ్రహ్మాండమండీ’కి వచ్చేసింది. నేను ఎంకాం పరీక్షలు రాసి, ఈసారి పొరపాటున పాసై, జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్పుకుంటున్నాను. బావ నాతో ఎప్పటిలాగే ఉన్నాడు. కానీ మనిషిలో ఒక్కటి మారింది. కొత్త చొక్కా వేసుకున్నా, ఇల్లు కట్టుకున్నా, ఇది ఎలా ఉందని ఎవర్నీ అడగడు. ఎవరైనా బాగుందంటే తల వంచుకుని పక్కకి వెళ్లిపోతాడు. అక్క నాతో పొడిపొడిగా, అవసరమున్నంత మేరకే మాట్లాడేది. ఏళ్లు గడిచాయి. ఇప్పుడు దానవాయిపేటలో అడుగడుగునా అద్దాల కాఫీ షాపులే. అదే నురగ, అదే ఆకు, అదే చేదు. కుర్రాళ్లు వరసలో నిలబడి తాగుతున్నారు. మా బావ ఆ వీధిలోంచి పోవాల్సివస్తే ఆటోలో వెనక్కి జరిగి కూర్చుంటాడు.

మొన్న మేనకోడలు కాలేజీ చదువుకి మా ఇంటికొచ్చి దిగింది. దాన్ని దింపడానికి అక్క వచ్చింది. అలమర సర్దుతుంటే పిల్లకి చానెల్ రోజుల ఫోటో దొరికింది. మైకు పట్టుకుని, టై కట్టుకుని, లోకాన్ని బాగుచేసేవాడిలా గంభీరంగా నేను. "మావయ్యా, ఎవరితను?" అని పకపకా నవ్వింది. అక్క ఆ ఫోటో తీసుకుని, కళ్లజోడు పైకెత్తి చూసింది. ఏమంటుందోనని నేను అలమర తలుపు పట్టుకుని చూస్తున్నాను.

"టై వంకరగా కట్టుకునేవాడే పిచ్చివెధవ. రోజూ చూసేదాన్ని" అంది కూతురితో. ఫోటో కొంగుతో తుడిచి, నా చేతికిచ్చి, వంటింట్లోకి నడిచింది.

నేను చాలాసేపు చూశాను. నిజమే, బాగా వంకరగానే ఉంది. ఆ కుర్రాడికి మాత్రం ఆ సంగతి తెలియదు, ఎంత ధీమాగా చూస్తున్నాడో.