రెండంగుళాల వదులు

వీధంతా పిన్ని అని పిలిచే ఆ దర్జీ బయటికెళ్లినా మెడలోని టేపు తియ్యదు. కార్ల పందేల ఆట ఆడుకోవడానికి సొంతంగా కంప్యూటర్ బిగించుకోవాలని ఆమె కోరిక. విడిభాగాల షాపతను గ్రాఫిక్స్ కార్డునీ, ఒక కేబినెట్‌నీ ముందుపెట్టి, "దీంట్లో సరిగ్గా పడుతుందండీ," అన్నాడు.

పిన్ని రెంటికీ టేపు పెట్టి చూసింది. "ముందువైపు ఫ్యాను బిగిస్తే అరంగుళం చాలదు బాబూ."

అతను తనూ కొలిచి చూసుకుని, ఇంకో రెండు కేబినెట్లు తెచ్చాడు. పిన్ని అందులో పెద్దది ఎంచుకుంది.

"రెండంగుళాలు ఖాళీగా పడుంటుందండీ."

"రేపు ఇంకా పెద్ద కార్డు కొనుక్కుంటాను. ఎదిగే పిల్లల బట్టలకి వదులు ఉంచమూ?" అంటూ కేబినెట్ ఎత్తుకోబోయి, చేతులు పైకి లేవక ఆగింది. ఎవరెవరి బట్టల్లోనో మిగిలిన ముక్కలతో కుట్టుకున్న జాకెట్టు చంకల దగ్గర ఎప్పటిలాగే పట్టేసింది.